రెండు జతల బూట్లు, ఒక వానకోటు: సంపన్న ఐర్లండ్‌లో లేమిని లెక్కించే తీరు

ఐర్లండ్ కేంద్ర గణాంక కార్యాలయం సీఎస్‌ఓ తరఫున ఏటా కొన్ని వేల ఇళ్లలో ఆదాయ, జీవన స్థితిగతుల సర్వే జరుగుతుంది. జీతం ఎంత, పెన్షన్ ఎంత, అద్దె ఎంత అన్న మామూలు వివరాలన్నీ అయ్యాక, వినడానికి మరీ చిన్నవిగా అనిపించే ప్రశ్నలు కొన్ని వస్తాయి. ఇంట్లో వాళ్లకు గట్టి బూట్లు రెండేసి జతలు ఉన్నాయా? వానకు తడవని వెచ్చని కోటు ఉందా? రోజు విడిచి రోజైనా మాంసమో, కోడో, చేపో, శాకాహారులైతే దానికి సరితూగేదో తింటున్నారా? ఏదైనా ఒకటి లేదన్న జవాబు వస్తే వెంటనే మరో ప్రశ్న పడుతుంది: కొనే స్తోమత లేకనా, వేరే కారణమా? స్తోమత లేక అన్నప్పుడే అది లేమిగా నమోదవుతుంది.

ఈ జాబితాలో మొత్తం 11 అంశాలున్నాయి. కొత్త బట్టలు కొనుక్కోగలగడం, వారానికొకసారి ఇంట్లో రోస్ట్ (పెద్ద మాంసపు ముక్కను కాల్చి చేసే వంట) వండుకోగలగడం, ఇంటిని వెచ్చగా ఉంచుకోగలగడం, గడిచిన ఏడాదిలో డబ్బుల్లేక హీటర్ ఆపేసుకోవాల్సిన పరిస్థితి రాకపోవడం, పాడైపోయిన ఫర్నిచర్ మార్చుకోగలగడం, అయినవాళ్లకు ఏడాదికొక్కసారైనా కానుక ఇవ్వగలగడం, నెలకొకసారి స్నేహితులనో బంధువులనో భోజనానికి పిలవగలగడం, రెండు వారాలకొకసారి సరదాగా బయటికి వెళ్లగలగడం మిగిలినవి. వీటిలో రెండు గానీ అంతకు మించి గానీ స్తోమత లేక అందకపోతే ఆ ఇల్లు లేమిలో ఉన్నట్టు లెక్క.

పడమటి తీరంలో ఏడాదికి 200 రోజులకు పైగా వాన పడే దేశం అది. అక్కడ వానకోటు లేదంటే బడికి వెళ్లే పిల్లవాడు తడిసిన బట్టలతోనే సాయంత్రం దాకా కూర్చోవాలి. రెండో జత బూట్లు లేకపోతే నిన్న తడిసినవే ఈ రోజూ తొడుక్కోవాలి. నార చొక్కా, తోలు బూట్లు లేకుండా నలుగురిలోకి రావడానికి తన కాలపు కూలీ కూడా సిగ్గుపడతాడని ఆడం స్మిత్ 1776లోనే రాశాడు. సిగ్గుపడకుండా నలుగురిలో తిరగగలగడాన్ని అమర్త్య సేన్ తర్వాతి కాలంలో పేదరికపు చర్చకు నడిమధ్యకు తెచ్చారు. ఐర్లండ్ జాబితాలోని కానుక, భోజనానికి పిలుపు, బయటికి వెళ్లడం అన్నీ ఆ సిగ్గుకు సంబంధించినవే. కడుపు నిండడం, చలి తీరడం ఎంత అవసరమో, పిలిచిన పెళ్లికి వట్టి చేతులతో వెళ్లాల్సి రాకపోవడం కూడా అంతే అవసరమని ఒక ప్రభుత్వ సర్వే ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇంత వివరంగా అడగాల్సిన అవసరం ఆ దేశానికి మరొక కారణం వల్ల కూడా ఉంది. తలసరి స్థూల దేశీయోత్పత్తిలో యూరోపియన్ యూనియన్ మొత్తంలో లక్సెంబర్గ్ తర్వాతి స్థానం ఐర్లండ్‌దే, అది యూనియన్ సగటుకు రెట్టింపు పైనే ఉంటోంది. అయితే ఆ అంకెలో పెద్ద భాగం బహుళజాతి కంపెనీలు తమ మేధో సంపత్తి హక్కులను ఐర్లండ్ ఖాతాలో చూపడం వల్ల, లీజుకిచ్చే విమానాల యాజమాన్యాన్ని అక్కడ నమోదు చేయడం వల్ల వచ్చింది. 2015లో ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలో 26 శాతానికి పైగా పెరిగిందని మొదటి లెక్క వెలువడినప్పుడు అక్కడి ఆర్థికవేత్తలే దాన్ని నమ్మలేకపోయారు. అప్పటి సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ ఫిలిప్ లేన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి, ఈ కంపెనీల ప్రభావాన్ని చాలావరకు మినహాయించే సవరించిన స్థూల జాతీయాదాయం అనే కొత్త కొలతను రూపొందించుకున్నారు. ఇళ్లలో నిజంగా జరిగే వినియోగాన్ని చూస్తే ఐర్లండ్ పౌరుడు యూనియన్ సగటు దరిదాపుల్లోనే ఉంటాడు. కాబట్టి దేశం సంపన్నమైనదన్న మాటకు, దేశంలోని ఇళ్లు సంపన్నమైనవన్న మాటకు మధ్య ఎంత దూరమైనా ఉండవచ్చు. ఆ దూరం ఎంతో తెలియాలంటే ఇంటి తలుపు తట్టి అడగాల్సిందే.

అడిగేటప్పుడు మొదట చూసేది ఆదాయమే. దేశంలోని వాళ్లందరినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే మనిషి ఆదాయం మధ్యగత ఆదాయం. దానిలో 60 శాతం కంటే తక్కువ వచ్చేవాళ్లు పేదరికపు ముప్పులో ఉన్నట్టు యూరప్ అంతటా లెక్క. మనిషి ఆదాయం అన్నాను గానీ, ఆదాయం వచ్చేది ఇంటికి. దాన్ని ఇంట్లోవాళ్లకు ఎలా పంచాలన్న దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ఇద్దరు కలిసి ఉంటే ఖర్చు రెండింతలు కాదు, పిల్లవాడికి పెద్దవాడికైనంత కాదు. అందుకని ఐర్లండ్ జాతీయ లెక్కలో ఇంట్లో మొదటి పెద్దకు 1, రెండో పెద్దకు 0.66, ఒక్కో పిల్లకు 0.33 చొప్పున వాటా వేస్తారు. యూరోపియన్ యూనియన్ లెక్కలో అవే 1, 0.5, 0.3 అవుతాయి.

తేడా చిన్నదే అనిపిస్తుంది. భార్యాభర్తలు, ఇద్దరు చిన్న పిల్లలు ఉన్న ఒక ఇంటికి పన్నులు పోగా ఏడాదికి 46,400 యూరోలు వస్తున్నాయనుకుందాం. ఐర్లండ్ పద్ధతిలో వాటాలు 2.32, ఒక్కో వాటాకు 20,000 యూరోలు పడతాయి. యూనియన్ పద్ధతిలో వాటాలు 2.1, ఒక్కో వాటాకు 22,095 యూరోలు. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడకు 20,000 యూరోల పెన్షన్ వస్తుంటే ఏ పద్ధతిలోనైనా ఆమె లెక్క 20,000 దగ్గరే నిలుస్తుంది. అంటే మొదటి పద్ధతిలో రెండిళ్లూ సమానం, రెండో పద్ధతిలో పెద్దావిడ వెనకబడిపోయింది. ఎవరి జేబులోనూ ఒక్క సెంటు మారలేదు. ఒకే సర్వే నుంచి, ఒకే ఏడాదికి, సీఎస్‌ఓ చెప్పే పేదరికపు రేటు, యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ చెప్పే రేటు వేర్వేరుగా కనిపించడానికి ఇదొక ప్రధాన కారణం. పత్రికల్లో ఏదో ఒక శాతం చూసి వాదనకు దిగే ముందు అది ఏ వాటాలతో కట్టిన లెక్కో చూడటం అవసరం.

ఇంతకంటే పెద్ద చిక్కు ఆ 60 శాతం రేఖ స్వభావంలోనే ఉంది. దాన్ని ఐర్లండ్ చాలా కష్టం మీద తెలుసుకుంది.

2008 సెప్టెంబర్‌లో అక్కడి ప్రభుత్వం కుప్పకూలుతున్న బ్యాంకులకు పూచీకత్తు ఇచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ భారాన్ని మోయలేక, 2010 నవంబర్‌లో యూరోపియన్ యూనియన్, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థలతో 85 బిలియన్ యూరోల సహాయ ప్యాకేజీకి అంగీకరించాల్సి వచ్చింది. ప్రభుత్వోద్యోగుల జీతాలు కోశారు. 2011లో కొత్తగా యూనివర్సల్ సోషల్ చార్జ్ అనే పన్ను వచ్చింది. నిరుద్యోగ భృతిని వారానికి 204.30 యూరోల నుంచి 188కి తగ్గించారు. కనీస వేతనాన్ని కూడా గంటకు 8.65 నుంచి 7.65కి దించి, కొన్ని నెలల తర్వాత వెనక్కి తీసుకున్నారు. నిరుద్యోగం 15 శాతం దాకా వెళ్లింది, చదువుకున్న పిల్లలు కెనడాకూ ఆస్ట్రేలియాకూ వెళ్లిపోయారు.

ఈ కాలంలో పేదరికపు రేటు ఏమైంది? 2007లో 16 శాతం పైచిలుకు ఉన్నది, సంక్షోభం మొదలై ఉద్యోగాలు ఊడిపోతున్న 2009లో 14 శాతానికి తగ్గింది. ఆ తర్వాత కాస్త పెరిగినా మొత్తం అయిదారేళ్లలో 14కూ 17కూ మధ్యనే కదలాడింది. ఒక్క ఈ అంకెనే చూసేవాడికి ఆ దేశంలో ఏదో ఘోరం జరుగుతోందని అనుమానం కూడా రాదు. కారణం సులువే. అందరి ఆదాయాలూ పడిపోతే మధ్యలో నిలబడ్డ మనిషి ఆదాయమూ పడిపోతుంది, దానితో పాటు 60 శాతం రేఖ కూడా కిందికి దిగుతుంది. 2008కీ 2013కీ మధ్య ఆ రేఖ ఏడాదికి వెయ్యి యూరోలకు పైగా దిగింది. భృతిలోనో పెన్షన్‌లోనో పెద్ద మార్పు లేని ఇల్లు, నిన్న రేఖకు కింద ఉన్నది, తనకు కొత్తగా ఏమీ రాకుండానే ఇవాళ రేఖ పైకి వచ్చేసింది. కొలబద్ద కుంగిపోతే దాని పక్కన నిలబడ్డ పిల్లవాడు ఎదిగినట్టే ఉంటుంది.

అదే సర్వేలోని 11 ప్రశ్నలు మాత్రం వేరే సంగతి చెప్పాయి. రెండు లేదా అంతకంటే ఎక్కువ అంశాలు అందనివాళ్లు 2007లో 11.8 శాతం. 2009లో 17 శాతం. 2013లో 30.5 శాతం. ప్రతి పదిమందిలో ముగ్గురు! కోటుకు, బూట్లకు, ఇల్లు వెచ్చబరచడానికి కావాల్సిన ఖర్చు మధ్యగత ఆదాయంతో పాటు దిగిరాదు గనుక ఈ కొలత మోసపోలేదు. ఆదాయ రేఖను సంక్షోభానికి ముందటి ఏడాది దగ్గర కట్టేసి, ధరలను బట్టి మాత్రమే సవరిస్తూ లెక్కించినప్పుడు కూడా పేదరికం బాగా పెరిగినట్టే తేలింది. నా మటుకు నాకు, పేదరికపు కొలతల మీద జరిగే సైద్ధాంతిక చర్చలన్నిటికంటే ఈ అయిదారేళ్ల ఐర్లండ్ అనుభవం బలమైన వాదన.

ఇదంతా తెలిసిన దేశమే, తన లక్ష్యాలను నిర్ణయించుకునే దగ్గరకు వచ్చేసరికి ఒక ఇరుకు దారి పట్టింది. ఆర్థిక, సామాజిక పరిశోధనా సంస్థ ఈఎస్‌ఆర్‌ఐకి చెందిన బ్రయన్ నోలన్, క్రిస్టఫర్ వీలన్, టిమ్ కాలన్ వంటి పరిశోధకులు 1987 సర్వే ఆధారంగా ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఆదాయం తక్కువున్నా దాచుకున్నదో, సొంతిల్లో ఉన్నవాళ్లు గడుపుకోగలరు. లేమి ఉందన్న వాళ్లలో కొందరిది తాత్కాలికమైన ఇబ్బంది కావచ్చు. కాబట్టి ఆదాయం రేఖకు దిగువన ఉండి, లేమి కూడా ఉన్నవాళ్లను వేరుగా గుర్తించాలి. దీనికే కన్సిస్టెంట్ పావర్టీ అని పేరు పెట్టారు, అంటే రెండు కొలతలూ కలిసి చెప్పే పేదరికం. 1997లో వచ్చిన జాతీయ పేదరిక నిర్మూలన వ్యూహం నుంచి ఈ కొలతే ప్రభుత్వ లక్ష్యానికి ఆధారమైంది. పరిశోధనగా అది మంచి పని. అయితే రెండు వలయాలు ఒకదానిమీద ఒకటి పడ్డ చోటును మాత్రమే లెక్కపెడితే వచ్చే అంకె ఎప్పుడూ చిన్నదే. 2023లో ఆదాయ రేఖకు దిగువన 10.6 శాతం, లేమిలో 17.3 శాతం ఉండగా, రెండూ కలిసినవాళ్లు 3.6 శాతమే. మంత్రులు ప్రసంగాల్లో చెప్పుకోవడానికి మూడో అంకె అనువుగా ఉంటుంది.

మరి లేమిలో ఉండి కూడా ఆ చివరి లెక్కలోకి రాని 13 శాతం పైచిలుకు జనం ఎవరు? వాళ్ల ఆదాయం రేఖకు పైన ఉంది, అయినా బతుకు గడవడం లేదు. అద్దె ఒక కారణం. డబ్లిన్‌లో అద్దె కట్టాక చేతిలో మిగిలేదానికీ, అప్పు తీరిపోయిన సొంతింట్లో ఉండేవాడి చేతిలో మిగిలేదానికీ పోలికే లేదు, ఆదాయ లెక్కలో మాత్రం ఇద్దరూ ఒక్కటే. వైకల్యం మరో కారణం. ప్రభుత్వం ఇండెకాన్ సంస్థతో చేయించి 2021 చివర్లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వైకల్యం ఉన్న మనిషికి దానివల్లే ఏడాదికి సగటున 9,482 నుంచి 11,734 యూరోల అదనపు ఖర్చు అవుతుంది. ట్యాక్సీలు, మందులు, పరికరాలు, ఇంట్లో మార్పులు, రోజంతా ఇంట్లోనే ఉండటం వల్ల పెరిగే హీటింగ్ బిల్లు. ఆ పదివేలు తీసేస్తే రేఖకు పైనున్న చాలామంది దాని కిందికి జారిపోతారు. దీర్ఘకాలపు అనారోగ్యంతో పనిచేయలేని వాళ్లలో ప్రతి పదిమందికి నలుగురి దాకా, ఒంటరి తల్లో తండ్రో పిల్లలను పెంచుతున్న ఇళ్లలో పదిమందికి నలుగురి కంటే ఎక్కువే లేమిలో ఉన్నట్టు ఈ సర్వేలు చెబుతున్నాయి.

వృద్ధుల విషయం దీనికి తిరగేసినట్టు ఉంటుంది. 65 దాటినవాళ్లలో ఆదాయ రేఖకు దిగువన ఉన్నవాళ్లు 12 శాతం దరిదాపుల నుంచి 2022లో 19 శాతానికి పెరిగారని మొదటి అంచనా వచ్చినప్పుడు పెద్ద చర్చే జరిగింది. కోవిడ్ తర్వాత పనిచేసేవాళ్ల జీతాలు పెరగడంతో రేఖ పైకి వెళ్లింది, పెన్షన్ దాన్ని అందుకోలేకపోయింది. అయినా వృద్ధుల్లో లేమి మాత్రం మిగతా వయసులవాళ్ల కంటే తక్కువే, ఎక్కువమందికి అప్పు లేని సొంతిల్లు ఉంది. ఒక కొలతలో వృద్ధులు, మరొక కొలతలో ఒంటరి తల్లులు ముందు కనిపిస్తారు. ప్రభుత్వం దేన్ని చూసి బడ్జెట్ వేస్తుందన్నదాన్ని బట్టి డబ్బు వెళ్లే ఇల్లు మారిపోతుంది. అందుకే రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి, కలిసిన చోటును మాత్రమే చూస్తే ఇద్దరూ తప్పిపోతారని నా అభిప్రాయం.

లేమి ప్రశ్నలకు కూడా కొన్ని లోపాలు లేకపోలేదు. గుట్టుగా సంసారం నెట్టుకొచ్చేవాళ్లు మనకు కొత్త కాదు. చుట్టాలు వస్తే పక్కింట్లోంచి చక్కెర అప్పు తెచ్చి కాఫీ ఇచ్చి, తమకు అలవాటు లేదని చెప్పే ఇల్లాళ్లను చూసే పెరిగాం. అలాంటి ఇంటికి సర్వే మనిషి వెళ్లి స్నేహితులను నెలకొకసారి భోజనానికి పిలుస్తారా అని అడిగితే, మాకు అంత ఇష్టం ఉండదండీ అన్న జవాబే వస్తుంది. స్తోమత లేక కాదు, వేరే కారణం అన్న గడిలో ఆ జవాబు పడుతుంది, లేమి నమోదు కాదు. ఏళ్ల తరబడి లేనిదాన్ని కోరుకోవడం మానేసిన మనిషి నిజంగానే అక్కర్లేదనుకోవచ్చు కూడా. దీర్ఘకాలం పేదరికంలో ఉన్నవాళ్ల లేమి ఇలా తగ్గి కనిపించే ప్రమాదం ఉంది. ఇంకొకటి, ఈ ప్రశ్నల్లో చాలావాటికి ఇంటికొకరు చెప్పే జవాబే ఇంట్లోవాళ్లందరికీ వర్తిస్తుంది. పిల్లలకు కోట్లు కొని తాను పాతదానితో సరిపెట్టుకున్న తల్లి, పిల్లల భోజనం అయ్యాక మిగిలింది తిని లేచిన తల్లి ఆ ఒక్క జవాబులో కలిసిపోతుంది.

జాబితా కూడా పాతబడింది. వారానికొకసారి రోస్ట్ అన్నది ఆదివారం మధ్యాహ్నం కుటుంబమంతా బల్ల చుట్టూ చేరే ఒకప్పటి ఐర్లండ్ ఇంటి గుర్తు. ఇప్పుడు ఆ దేశంలో నైజీరియా వాళ్లు, బ్రెజిల్ వాళ్లు, మన ఆసుపత్రి నర్సులూ ఐటీ ఉద్యోగులూ ఉన్నారు, ఆ ప్రశ్న వాళ్లకు అదే అర్థంతో చేరదు. ఇంటర్నెట్ ఈ 11లో లేదు. యూనియన్ స్థాయిలో వాడే 13 అంశాల జాబితాలో ఇంటర్నెట్, కారు, వారానికి తనకోసం ఖర్చుపెట్టుకునే కాస్త డబ్బు, అనుకోని ఖర్చు తట్టుకోగలగడం ఉన్నాయి, కానీ అక్కడ 7 అంశాలు అందకపోతే తప్ప తీవ్ర లేమిగా గుర్తించరు.

వీటన్నిటికంటే నాకు నచ్చిన పని డబ్లిన్‌లోని విన్సెన్షియన్ అనే క్రైస్తవ సేవా సంస్థ పరిశోధకులది. రకరకాల కుటుంబాల నుంచి మామూలు జనాన్ని కూర్చోబెట్టి, మర్యాదగా బతకడానికి ఒక ఇంటికి ఏం కావాలో వాళ్లతోనే చర్చింపజేసి, 2,000కు పైగా వస్తువులు, సేవలతో ఒక బుట్ట తయారు చేశారు. దాని ధరను ఏటా సవరిస్తూ, సంక్షేమ భృతి, కనీస వేతనం ఆ బుట్టకు ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంటారు. పల్లెలో ఉన్న ఇంటికి కారు తప్పదు గనుక ఖర్చు వేరు, పన్నెండేళ్లు దాటిన పిల్లల ఖర్చు చిన్నపిల్లల ఖర్చు కంటే బాగా ఎక్కువ వంటి సంగతులు ఆ లెక్కలోంచే బయటికి వచ్చాయి. పెద్దపిల్లల కోసం భృతిని వేరుగా, ఎక్కువగా ఇవ్వాలన్న మార్పుకు ఈ లెక్కలు బలాన్నిచ్చాయి.

మన దగ్గర పేదరికపు కొలతల చర్చ చాలాకాలం కేలరీల చుట్టూ తిరిగింది. 2011లో ప్రణాళికా సంఘం పట్టణాల్లో రోజుకు 32 రూపాయలు ఖర్చుపెట్టగలిగితే పేద కాదని సుప్రీంకోర్టుకు చెప్పినప్పుడు దేశమంతా భగ్గుమంది. ఆ తర్వాత, గతంలో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన సి. రంగరాజన్ నేతృత్వంలోని బృందం 2014లో దాన్ని పట్టణానికి 47, పల్లెకు 32 రూపాయలు చేసింది. ఇప్పుడు నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ 12 అంశాలను చూస్తోంది, దాని ప్రకారం 2019-21 నాటికి తెలంగాణలో 5.88 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6.06 శాతం మంది పేదలు. మరుగుదొడ్డి ఉందా, వంటగ్యాస్ ఉందా, బ్యాంకు ఖాతా ఉందా అని అది చూస్తుంది. ఉన్న గ్యాస్ బండను మళ్లీ నింపించుకునే స్తోమత ఉందా అని అడగదు. ఐర్లండ్ రెండో ప్రశ్న, స్తోమత లేకనా అన్నది, మన సర్వేల్లోకి ఇంకా రావాల్సి ఉంది.

ఇక ప్రస్తుతానికి వస్తే, ఆ కన్సిస్టెంట్ పావర్టీని 2 శాతానికో అంతకంటే తక్కువకో తేవాలన్న లక్ష్యాన్ని ఐర్లండ్ మొదట 2020కి పెట్టుకుంది, తర్వాత 2025కు జరిపింది. 2023లో 3.6 శాతానికి తగ్గిన ఆ రేటు 2024లో మళ్లీ 5 శాతానికి చేరింది. పిల్లల్లో అయితే 4.8 నుంచి 8.5 శాతానికి ఎగబాకింది. ధరలు విపరీతంగా పెరిగిన కాలంలో ప్రభుత్వం ఒకేసారి చేతికిచ్చిన సాయాలు ఆదాయ లెక్కను కొంతకాలం పైకి లేపాయి. అలాంటి సాయం ఆగిన మరుసటి ఏడాదే ఆ ఇళ్లు మళ్లీ పాత చోటికి వస్తాయి. ఒక్క ఏడాది తగ్గుదలను విజయంగా చాటుకోవడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

పైగా ఈ అంకెలేవీ చూడని జనం కొందరున్నారు. సర్వే వెళ్లేది ఇళ్లకు. ఇల్లు లేక హోటల్ గదుల్లో, అత్యవసర వసతి కేంద్రాల్లో ఉంటున్నవాళ్లు 2025 ఆరంభానికి 15,000 దాటారు, వాళ్లలో 4,500కు పైగా పిల్లలు. ఆశ్రయం కోరి వచ్చి ప్రభుత్వ వసతి కేంద్రాల్లో ఉన్నవాళ్లు కూడా సర్వే నమూనాలోకి రారు. ఒకే గదిలో నలుగురు సర్దుకుంటూ, వంటగది లేక బయట కొన్నదే తింటూ, స్నేహితుడిని ఇంటికి పిలవడానికి ఇల్లే లేని పిల్లవాడి దగ్గరికి ఆ 11 ప్రశ్నలు వెళ్లడం లేదు. ఆ కేంద్రాల్లో ఎవరెవరు ఉంటున్నారో ప్రతినెలా లెక్క తీసి ప్రకటించే యంత్రాంగం ఇప్పటికే ఉంది. ఏడాదికొకసారి అక్కడి కుటుంబాలను కూడా ఇవే ప్రశ్నలు అడిగి, జవాబులను జాతీయ రేటులో కలపకుండా దాని పక్కనే ఒక ప్రత్యేక పట్టికగా అచ్చువేయడం సీఎస్‌ఓకు కష్టమైన పని కాదు, వచ్చే సర్వేతోనే మొదలుపెట్టవచ్చు.